కొత్త విండోస్‌లో పాత సాఫ్ట్‌వేర్: తెర మీద వచ్చే తేడాలను సరిచేసుకోవడం ఎలా?

హన్మకొండ, వరంగల్ చౌరస్తాల చుట్టుపక్కల చాలా డీటీపీ సెంటర్లలో పేజీలు తయారుచేసే పాత ప్రోగ్రాం పేజీమేకర్ 7 ఇంకా నడుస్తూనే ఉంది. అడోబీ దాన్ని 2001లో విడుదల చేసింది. కొన్నేళ్లకే దాన్ని పక్కన పెట్టి తన మరో ప్రోగ్రాం ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. అయినా మన దగ్గర శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఐనవోలు జాతర పోస్టర్లు దాంట్లోనే తయారవుతున్నాయి. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, వేళ్లకు 'అను' అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కీబోర్డే అలవాటు. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్ ఏజెంట్ల) దుకాణాలదీ ఇంతే. ఎప్పుడో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాంలోనే తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీలు) కొడుతుంటారు.

పాత సిస్టమ్ మొరాయిస్తే కొత్తది కొనక తప్పదు. కొత్తదంటే విండోస్ 11. పాత సాఫ్ట్‌వేర్ దాంట్లో ఎక్కుతుంది, తెరుచుకుంటుంది కూడా. కానీ అక్షరాలు మసకగా కనిపిస్తాయి, మెనూలు చదవలేనంత చిన్నగా ఉంటాయి, కింది బటన్ కనిపించదు, ఒత్తులు మాయమవుతాయి. ఎవరినైనా పిలిస్తే "అన్నా, ఇది విండోస్ 7కే సెట్ అయితది, ఫార్మాట్ కొడదాం" అంటారు.

ఆ మాట వినకండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14నే సపోర్ట్ ఆపేసింది. కొత్త లాప్‌టాప్‌లకు దాని డ్రైవర్లు (తెర, ప్రింటర్ లాంటి వాటిని నడిపే చిన్న ప్రోగ్రాంలు) దొరకడం కష్టం. డ్రైవర్ లేకుండా ఎక్కిస్తే ఇప్పుడున్న డిస్‌ప్లే సమస్య ఇంకా పెద్దదవుతుంది. మీ తెర మీద కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం రెండు మూడు సెట్టింగుల దగ్గరే తేలిపోతాయి. ఏ తేడాకు ఏ సెట్టింగో తెలిస్తే చాలు.

ముందు తేడా ఎక్కడుందో తేల్చండి

పని మొదలుపెట్టే ముందు మీ ఫైళ్లు, ఫాంట్లు, లెక్కల ప్రోగ్రాం డేటా ఫోల్డర్ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చాలి. మార్చింది రాసుకోవాలి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిచి చూడాలి. పని చేయకపోతే దాన్ని పాత చోటికే తెచ్చి తర్వాతి దానికి వెళ్లాలి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలియదు. పాత సాఫ్ట్‌వేర్ రిపేర్లు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే.

మొదటి పరీక్ష స్క్రీన్‌షాట్. తేడా కనిపిస్తున్నప్పుడు విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కి తెర ఫొటో తీసి, దాన్ని మీ ఫోన్‌కు పంపుకొని చూడండి. ఫోన్‌లో కూడా అదే మసక, అదే తేడా కనిపిస్తే సమస్య సాఫ్ట్‌వేర్ వైపు ఉంది. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే సాఫ్ట్‌వేర్‌ను వదిలేయండి. మానిటర్, కేబుల్, దాని కన్వర్టర్ చూడండి. కొత్త సిస్టమ్‌కు పాత మానిటర్ పెట్టి, మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ కన్వర్టర్ తగిలించిన చోట్ల అక్షరాల పక్కన నీడలు రావడం మామూలే. అప్పుడు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ను ఆ మానిటర్ అసలు రిజల్యూషన్‌కే పెట్టండి. పాత చదరపు మానిటర్లలో చాలావాటికి అది 1280×1024. తర్వాత మానిటర్ మీదున్న ఆటో బటన్ నొక్కండి.

రెండో పరీక్ష ప్రింట్. ఒక పేజీ ప్రింట్ తీయండి, లేదా పీడీఎఫ్ చేసి చూడండి. ప్రింట్ బాగుండి తెర మీదే తేడాగా ఉంటే తొందరేమీ లేదు, గిరాకీ పని ఆపకుండా తీరిగ్గా సరిచేసుకోవచ్చు. ప్రింట్‌లో కూడా ఒత్తులు పోతుంటే మాత్రం అక్కడే ఆగండి. ఆ ఫైల్‌ను సేవ్ చేయకుండా మూసేసి, తెలుగు అక్షరాల గురించి కింద రాసిన భాగానికి వెళ్లండి.

మసక, చిన్న మెనూలు, కనిపించని బటన్లు

ఈ మూడూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి కానీ మూలం ఒకటే. పాత సాఫ్ట్‌వేర్ రాసిన రోజుల్లో తెరలన్నీ దాదాపు ఒకే లెక్కలో ఉండేవి, అంగుళానికి 96 చుక్కలు (దీన్నే డీపీఐ అంటారు). ఇప్పటి 15.6 అంగుళాల లాప్‌టాప్‌లో 1920×1080 తెర అంటే అంగుళానికి 141 చుక్కల దాకా ఉంటాయి. అన్నీ అలాగే చూపిస్తే అక్షరాలు మరీ చిన్నవైపోతాయి కాబట్టి విండోస్ తనంతట తానే స్కేలును 125 శాతానికో 150 శాతానికో పెంచుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలుసు, అది పెద్ద సైజులో కొత్తగా గీసుకుంటుంది. పాతదానికి తెలియదు. దాంతో విండోస్ దానికి చిన్న తెర ఉందని చెప్పి, అది గీసిన బొమ్మను సాగదీసి చూపిస్తుంది. మీకు కనిపించే మసక ఆ సాగదీతదే.

లెక్క చూడండి. 150 శాతం స్కేలులో మీ 1920×1080 తెర పాత ప్రోగ్రాంకు 1280×720గా కనిపిస్తుంది. అడ్తి దుకాణం లెక్కల ప్రోగ్రాంలో తక్‌పట్టీ ఫారం 1024×768 తెరకు తయారైంది అనుకుందాం. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర, హమాలీ, కమీషన్ అన్నీ నింపుతారు. చివర్లో 'సేవ్' బటన్ ఉండాలి. 768 ఎత్తు ఫారం 720 ఎత్తు తెరలో పట్టదు, పైగా కింద టాస్క్‌బార్ ఉంది. బటన్ ఎక్కడికీ పోలేదు, తెర కిందికి జారిపోయింది. అదే స్కేలును 125 శాతానికి దించితే ప్రోగ్రాంకు 1536×864 తెర దొరుకుతుంది. టాస్క్‌బార్ పోను కూడా 768 ఎత్తు హాయిగా పడుతుంది. కాబట్టి బటన్లు కనిపించని సమస్యకు నేను చెప్పే మొదటి మందు స్కేలు తగ్గించడమే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో స్కేల్. మార్చాక ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి. పాత ప్రోగ్రాంలు కొత్త స్కేలును అప్పుడే సరిగ్గా పట్టుకుంటాయి.

అర్జెంటుగా ఆ ఒక్క తక్‌పట్టీ సేవ్ కావాలంటే చివరి గడి దగ్గర ట్యాబ్ నొక్కండి. ఎంపిక సాధారణంగా కనిపించని బటన్ మీదికే వెళ్తుంది, అప్పుడు ఎంటర్ కొడితే సేవ్ అవుతుంది. కానీ అక్కడ 'సేవ్' పక్కనే 'డిలీట్' కూడా ఉంటే ఈ గుడ్డి దారి వద్దు.

స్కేలు తగ్గించడం ఇష్టం లేకపోయినా, తగ్గించినా మసక పోకపోయినా ఆ ఒక్క ప్రోగ్రాంకే సెట్టింగ్ పెట్టవచ్చు. పేజీమేకర్‌నే తీసుకుందాం.

1. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కండి. అసలు ప్రోగ్రాం ఫైల్ ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. సెట్టింగ్ దానికే పెట్టాలి. షార్ట్‌కట్‌కు పెడితే వేరే దారిలో తెరిచినప్పుడు పని చేయకపోవచ్చు.
2. ఆ ఫైల్‌ను ఎంచుకుని ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కండి. ప్రాపర్టీస్ వస్తుంది. అందులో 'కంపాటిబిలిటీ' ట్యాబ్‌కు వెళ్లండి.
3. కింద 'చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్' అనే బటన్ ఉంటుంది. నొక్కితే ఇంకో చిన్న కిటికీ వస్తుంది.
4. అందులో అడుగున 'ఓవర్‌రైడ్ హై డీపీఐ స్కేలింగ్ బిహేవియర్' అనే గడికి టిక్ పెట్టండి. దాని కింద మూడు ఎంపికలు వస్తాయి: అప్లికేషన్, సిస్టమ్, సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్.
5. ముందు 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' ఎంచుకుని ఓకే, అప్లై, ఓకే కొట్టి ప్రోగ్రాం మళ్లీ తెరవండి.

ఈ మూడింటి తేడా తెలిస్తే గుడ్డిగా మార్చే అవసరం ఉండదు. 'అప్లికేషన్' అంటే విండోస్ తన సాగదీత మానేసి ప్రోగ్రాంను దాని మానాన వదిలేస్తుంది. అక్షరం పదునుగా వస్తుంది, కానీ అన్నీ చిన్నవైపోతాయి. 'సిస్టమ్' అంటే మొత్తాన్ని బొమ్మలా సాగదీస్తుంది. పెద్దగా కనిపిస్తుంది, కానీ మసక. 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' 2017లో విండోస్ 10కు వచ్చిన అప్‌డేట్‌తో మొదలైంది. ప్రోగ్రాం రాసే అక్షరాలను, గీతలను విండోస్ పెద్ద సైజులో కొత్తగా గీస్తుంది, ఫొటోలను మాత్రం సాగదీస్తుంది. పాత లెక్కల ప్రోగ్రాంలకు, ఫారాలకు చాలావరకు ఇదే సరిపోతుంది. ఒక్కోసారి దీనితో బటన్లు చోటు తప్పుతాయి, క్లిక్ ఒకచోట చేస్తే ఇంకోచోట పడుతుంది. అలా జరిగితే మొండిగా పట్టుకోకుండా 'అప్లికేషన్'కు మారండి.

డిజైన్ పని చేసేవాళ్లకు నా సలహా కాస్త వేరు. పేజీమేకర్, పాత ఫొటోషాప్, పాత కోరల్‌డ్రాలకు 'అప్లికేషన్' పెట్టి, తెర స్కేలును 125 శాతంలో ఉంచుకోండి. మెనూలు చిన్నగానే ఉంటాయి, కానీ మెనూలు మీకు కంఠతా వచ్చినవే. పేజీ మీది గీత, అక్షరం అంచు నిజంగా ఎలా ఉన్నాయో కనిపించడమే మీకు ముఖ్యం. సాగదీసిన బొమ్మలో సన్నని గీతలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా కనిపిస్తాయి, కొన్ని కనిపించకుండా కూడా పోతాయి. బిల్లు బుక్కు గళ్లు గీసేవాళ్లను ఇది చాలా తిప్పలు పెడుతుంది. కళ్లకు ఇబ్బందైతే విండోస్, ప్లస్ నొక్కి మాగ్నిఫయర్ వాడుకోవచ్చు. రోజంతా పని ఉంటే విడిగా ఒక 22 లేదా 24 అంగుళాల 1920×1080 మానిటర్ పెట్టుకొని దాన్ని 100 శాతంలో వాడటమే అన్నిటికన్నా మంచి పరిష్కారం. అప్పుడు సాగదీత అనే మాటే ఉండదు.

లాప్‌టాప్ తెర ఒక స్కేలు, బయటి మానిటర్ ఇంకో స్కేలు అయితే పాత ప్రోగ్రాం ఒకదాంట్లో పదునుగా, ఇంకోదాంట్లో మసకగా ఉంటుంది. పైన చెప్పిన హై డీపీఐ చిన్న కిటికీలోనే పైభాగాన 'ప్రోగ్రాం డీపీఐ' అనే గడి ఉంది. దానికి టిక్ పెట్టి, 'ఐ ఓపెన్ దిస్ ప్రోగ్రాం' ఎంచుకోండి. మీరు పనిచేసే మానిటర్‌ను 'మెయిన్ డిస్‌ప్లే'గా పెట్టుకోవడం మాత్రం మరవొద్దు.

బయటి మానిటర్ తీసేసిన తర్వాత కొన్ని కిటికీలు తెర బయటే తెరుచుకుంటాయి. ప్రోగ్రాం టాస్క్‌బార్‌లో ఉంటుంది, తెర మీద ఉండదు. ఆల్ట్, స్పేస్ నొక్కి, తర్వాత ఎం నొక్కి, ఒక బాణం గుర్తు నొక్కి మౌస్ కదపండి. కిటికీ మౌస్ వెంట వచ్చేస్తుంది.

తెలుగు అక్షరాలు తప్పుగా కనిపిస్తే

మన ప్రాంతంలో అందరికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఇంగ్లిష్‌లో పనిచేసేవాళ్ల గైడ్లలో దీని ఊసే ఉండదు. కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

అను లాంటి పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి నంబర్ ఇచ్చే పద్ధతి) కావు. కంప్యూటర్ దృష్టిలో మీరు టైప్ చేసింది తెలుగే కాదు. ఇంగ్లిష్, యూరప్ భాషల అక్షరాలకు కేటాయించిన 256 గళ్లలో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా సర్ది పెట్టారు. ఫాంట్ ఉన్నంతసేపూ ఆ గళ్లు తెలుగుగా కనిపిస్తాయి. అందుకే తేడా ఏ రూపంలో వచ్చిందో చూస్తే కారణం తెలిసిపోతుంది.

మ్యాటరంతా అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా, మధ్యమధ్య కొమ్ములు, చుక్కలు ఉన్న యూరప్ అక్షరాలుగా కనిపిస్తే ప్రోగ్రాంకు ఫాంట్ దొరకలేదని అర్థం. ఫాంట్ ఎక్కించాను కదా అంటారు. నిజమే, కానీ విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన మార్పు తర్వాత, ఫాంట్ మీద రైట్ క్లిక్ చేసి ఉత్త 'ఇన్‌స్టాల్' నొక్కితే అది ఆ ఒక్క యూజర్ ఖాతా ఫోల్డర్‌లోకి పోతుంది. చాలా పాత ప్రోగ్రాంలు అక్కడ వెతకవు. ఫాంట్లన్నిటినీ ఎంచుకుని రైట్ క్లిక్ చేసి, అవసరమైతే 'షో మోర్ ఆప్షన్స్'కు వెళ్లి, 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' నొక్కండి. ప్రోగ్రాం మూసి తెరవండి.

కొన్ని అక్షరాలు చక్కగా ఉండి, కొన్నిచోట్ల మాత్రం డబ్బాలు, ప్రశ్నార్థకాలు, ఖాళీలు వస్తే అది ఫాంట్ తప్పు కాదు. ఒక శుభలేఖ తెరిచారు అనుకోండి. పైన 'శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర ప్రసన్న' ఉండాలి. కొన్ని అక్షరాలు ఉన్నాయి, ఒక గుడి లేదు, ఒక ఒత్తు చోట డబ్బా ఉంది. కిందికి పోతే వరుడి పేరులోనూ అంతే. ఇలా ఎందుకంటే ఆ 256 గళ్లలో మొదటి సగం అన్ని పద్ధతుల్లోనూ ఒకేలా ఉంటుంది. రెండో సగం, అంటే 128 నుంచి 255 దాకా ఉన్న గళ్లు, సిస్టమ్ ఏ లోకేల్‌లో (భాష, ప్రాంతం సెట్టింగ్‌లో) ఉందో దాన్ని బట్టి మారిపోతాయి. మీ ఫాంట్‌లో ఆ రెండో సగంలో పెట్టిన ముక్కలే చెడతాయి.

సరిచేసే దారి ఇది. స్టార్ట్‌లో కంట్రోల్ ప్యానెల్ అని వెతికి తెరవండి. అందులో 'రీజియన్', దాంట్లో 'అడ్మినిస్ట్రేటివ్' ట్యాబ్, అక్కడ 'చేంజ్ సిస్టమ్ లోకేల్' బటన్. వచ్చే కిటికీలో రెండు సంగతులు చూడాలి. ఒకటి, భాష 'ఇంగ్లిష్ ఇండియా' లేదా 'ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్' అయి ఉండాలి. తెలుగు పని కదా అని ఇక్కడ తెలుగు పెట్టొద్దు. ఈ సెట్టింగ్ యూనికోడ్ తెలియని ప్రోగ్రాంల కోసం, పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ గళ్ల మీదే నడుస్తాయి. రెండోది దాని కిందే ఉంటుంది: 'బీటా: యూజ్ యూనికోడ్ యూటీఎఫ్-8' అని మొదలయ్యే ఒక గడి. దానికి టిక్ ఉంటే తీసేయండి. ఓకే కొట్టి సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. ఒత్తులు, గుడులు వాటి చోటికి వచ్చేస్తాయి.

ఆ టిక్ ఎవరు పెట్టారని మీకు అనుమానం రావచ్చు. ఇంకేదో సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సరిగ్గా రావడం లేదని ఎవరో చెప్తే పెట్టి ఉంటారు. కొత్త ప్రోగ్రాంలకు అది అవసరం లేదు, అవి దాంతో సంబంధం లేకుండానే తెలుగు చూపిస్తాయి. తేడాగా ఉన్న ఫైల్‌ను సేవ్ చేయొద్దని మొదట్లో చెప్పింది ఇందుకే. తెర మీద డబ్బాగా కనిపించే అక్షరం ఫైల్‌లో ఇంకా భద్రంగానే ఉంటుంది. డబ్బా కనిపించిందని దాన్ని చెరిపి, వేరేది కొట్టి సేవ్ చేస్తే లోకేల్ సరిచేశాక అదే తప్పుగా మిగులుతుంది. పెళ్లి కార్డులో ఇంటిపేరు తప్పు పడితే ఎంత గొడవో ప్రెస్ నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంకొకటుంది. గిరాకీ మ్యాటర్ వాట్సాప్‌లో పంపిస్తాడు, దాన్ని కాపీ చేసి పేజీమేకర్‌లో పేస్ట్ చేస్తే వరుసగా ప్రశ్నార్థకాలే వస్తాయి. ఇది విండోస్ 11 తప్పు కాదు, ఎక్స్‌పీలోనూ ఇంతే. వాట్సాప్ మ్యాటర్ యూనికోడ్, పేజీమేకర్ 7కు యూనికోడ్ తెలియదు. యూనికోడ్ నుంచి అనుకు మార్చే కన్వర్టర్ వాడాలి. మార్చిన తర్వాత ఒత్తులు, సున్నలు ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

టైపింగ్ ఆగిపోతే 'అడ్మినిస్ట్రేటర్' సంగతి చూడండి

పాత సాఫ్ట్‌వేర్ అనగానే అందరూ 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' టిక్ పెట్టమంటారు. పెడితే కొన్ని పనులు కుదురుతాయి, ఇంకొన్ని చెడతాయి. పేజీమేకర్ అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తూ, తెలుగు టైపింగ్ నడిపే అను స్క్రిప్ట్ మేనేజర్ మామూలుగా నడుస్తుంటే, కింది స్థాయి ప్రోగ్రాం పై స్థాయి ప్రోగ్రాం కీబోర్డ్‌ను అందుకోకుండా విండోస్ అడ్డుకుంటుంది. ఫాంట్ తెలుగు, కీబోర్డ్ మాత్రం మామూలు ఇంగ్లిష్, టైప్ చేస్తే అడ్డదిడ్డమైన అక్షరాలు. చూసేవాళ్లు ఫాంట్ చెడిందనుకుంటారు. రెంటినీ ఒకే స్థాయిలో పెట్టండి: రెంటికీ టిక్ ఉండాలి, లేదా రెంటికీ ఉండకూడదు. అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే కిటికీలోకి ఫోల్డర్ నుంచి ఫొటోను లాగి వదిలినా పడదు, కారణం ఇదే. అప్పుడు ఫైల్ మెనూలోని 'ప్లేస్' వాడండి.

పాత ప్రోగ్రాంలకు అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఎక్కువగా కావాల్సింది ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో తమ సెట్టింగులు రాసుకోవడానికి. విండోస్ ఇప్పుడు అక్కడ రాయనివ్వదు. మీరు మార్చిన ప్రిఫరెన్సులు రేపటికల్లా మొదటికి వస్తుంటే దానికీ ఇదే కారణం కావచ్చు. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, సి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు అడ్మినిస్ట్రేటర్ గోల లేకుండానే పోతుంది.

తేడాల్లా కనిపించేవి రెండు పేజీమేకర్‌లో ఉన్నాయి, అవి తేడాలు కావు. చిన్న సైజు మ్యాటర్ బూడిద రంగు పట్టీలుగా కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో 'మోర్' నొక్కి 'గ్రీక్ టెక్స్ట్ బిలో' అంకె తగ్గించండి. పేజీలో పెట్టిన ఫొటో గరుకుగా కనిపిస్తే అదే ప్రిఫరెన్సెస్‌లో 'గ్రాఫిక్స్ డిస్‌ప్లే'ను 'హై రిజల్యూషన్' చేయండి.

మచ్చలు, గీతలు, నల్ల పట్టీలు

కిటికీ కదిపితే వెనక మరకలు మిగలడం, మెనూ మూసినా దాని నీడ తెర మీదే ఉండిపోవడం, సగం కిటికీ నల్లగా మారడం గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు చూపిస్తాయి. ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒక క్షణం నల్లబడి వస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలైందన్నమాట. తెరిచి ఉన్న పని ఎక్కడికీ పోదు.

అయినా తిరిగి వస్తుంటే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డివైస్ మేనేజర్' తెరవండి. 'డిస్‌ప్లే అడాప్టర్స్' కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అసలు డ్రైవర్ ఎక్కనేలేదు. మీ లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి దాని డ్రైవర్ తెచ్చుకోండి. వెతుకుతుంటే మధ్యలో కనిపించే 'డ్రైవర్ అప్‌డేటర్' ప్రోగ్రాంల జోలికి పోవద్దు. నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాత చెడితే, అదే చోట అడాప్టర్ ప్రాపర్టీస్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న లాప్‌టాప్‌లలో పాత ప్రోగ్రాం ఒకదాంట్లో మరకలు చూపి, రెండోదాంట్లో శుభ్రంగా నడవవచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'గ్రాఫిక్స్' తెరిచి, ఆ ప్రోగ్రాంను జాబితాలో చేర్చి, 'పవర్ సేవింగ్' ఒకసారి, 'హై పెర్ఫార్మెన్స్' ఒకసారి పెట్టి చూడండి. ప్రోగ్రాంలోనే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనే ఆప్షన్ ఉంటే ఆపి చూడండి.

రంగులు మారితే ముందు చూడాల్సింది 'నైట్ లైట్'. అది ఆన్‌లో ఉంటే తెరంతా పసుపు పచ్చగా మారుతుంది, ఫ్లెక్సీ రంగులు తప్పుగా ఎంచుకుంటారు. స్క్రీన్‌షాట్‌లో మాత్రం రంగులు మామూలుగానే ఉంటాయి, మొదటి పరీక్ష ఇక్కడ అక్కరకొస్తుంది. పిల్లల పాత సీడీలు, 256 రంగుల కాలపు ప్రోగ్రాంలు ఇంద్రధనుస్సు మచ్చలు చూపిస్తే కంపాటిబిలిటీ ట్యాబ్‌లో 'రెడ్యూస్డ్ కలర్ మోడ్' టిక్ పెట్టి 8 బిట్ ఎంచుకోండి.

డాస్ కాలపు ప్రోగ్రాంలు

విండోస్ 11 అంతా 64 బిట్టే. విండోస్‌కు ముందటి డాస్ కాలంలో, ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన 16 బిట్ ప్రోగ్రాం దాంట్లో అసలు తెరుచుకోదు, ఏ కంపాటిబిలిటీ టిక్ పెట్టినా ఉపయోగం లేదు. వీడాస్ అనే ప్రోగ్రాం ఇలాంటి లెక్కల పనుల కోసమే తయారైంది. అక్షరాలు పదునుగా చూపిస్తుంది, మామూలు ప్రింటర్‌కు ప్రింట్ కూడా పంపుతుంది. డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, అందులో ఖాతాలు నడపడం నేను సిఫారసు చేయను.

నల్ల తెరలో తెరుచుకునే 32 బిట్ ప్రోగ్రాం అయితే, గళ్ల గీతలు పోయి ఆ చోట కొమ్ముల అక్షరాలు రావచ్చు. ప్రోగ్రాం తెరిచే ముందు అదే నల్ల తెరలో సి, హెచ్, సి, పి అక్షరాలు కలిపి కొట్టి, ఖాళీ వదిలి 437 కొట్టి ఎంటర్ నొక్కండి. ఫాంట్‌ను కన్సోలాస్‌గా పెట్టండి. ఇంకా తేడాగా ఉంటే విండోస్ టెర్మినల్ సెట్టింగ్స్‌లోని 'స్టార్టప్' పేజీలో 'డిఫాల్ట్ టెర్మినల్ అప్లికేషన్'ను 'విండోస్ కన్సోల్ హోస్ట్'కు మార్చండి.

ఏదీ కుదరకపోతే

అప్పుడు కూడా ఫార్మాట్ అక్కర్లేదు. మీ సిస్టమ్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. దాంట్లో మీ దగ్గర లైసెన్స్ ఉన్న పాత 32 బిట్ విండోస్ ఎక్కించి, అందులో పాత సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. సిస్టమ్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే దానికి 2 జీబీ ఇస్తే చాలు. ఎక్కించాక 'గెస్ట్ అడిషన్స్' కూడా ఎక్కించండి, లేకపోతే తెర చిన్నగా, గరుకుగా ఉంటుంది. లోపలి రిజల్యూషన్ 1024×768 పెట్టండి, ప్రోగ్రాంకు తన కాలపు తెరే దొరుకుతుంది. కళ్లకు చిన్నగా ఉంటే వర్చువల్‌బాక్స్ 'వ్యూ' మెనూలోంచి పెద్దది చేసుకోవచ్చు.

లోపలి పాత విండోస్‌కు ఇంటర్నెట్ ఇవ్వొద్దు, నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, లోపల ఉన్నవి మీ షాపు లెక్కలు. ఫైళ్లు అటూ ఇటూ పంపుకోవడానికి ఒక షేర్డ్ ఫోల్డర్ చాలు. ప్రింటర్‌ను లోపలి విండోస్‌కు కలిపే ప్రయత్నంలో సాయంత్రాలు ఖర్చు చేయకండి. లోపల పీడీఎఫ్ చేసి, షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, బయట విండోస్ 11 నుంచి ప్రింట్ కొట్టండి.